జ్వరానికీ వడదెబ్బకూ తేడా ఏమిటి? శరీర సమస్థితి, నాడీ వ్యవస్థలపై చర్చ

బైపీసీ_విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మన శరీరం లోపలి ఉష్ణోగ్రతను దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుకుంటుందనీ, లోపలి పరిస్థితులను ఇలా నిలకడగా ఉంచుకోవడాన్నే హోమియోస్టాసిస్ లేదా సమస్థితి అంటారనీ పాఠంలో ఉంది. తీవ్రమైన జ్వరంలో 40 డిగ్రీలు ఉండవచ్చు, వడదెబ్బలోనూ 40 డిగ్రీలు ఉండవచ్చు. అయితే పారాసిటమాల్ జ్వరానికి పనిచేస్తుందనీ, వడదెబ్బకు పనిచేయదనీ మా లెక్చరర్ గారు చెప్పారు. థర్మామీటరు ఒకే అంకె చూపిస్తున్నప్పుడు మందు ఒకదానికే ఎందుకు పనిచేస్తుంది? రెండూ సమస్థితి దెబ్బతిన్న సందర్భాలేనా? పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఫిజియాలజీ_బోధకుడు:
అమ్మా, జ్వరంలో శరీరం పెట్టుకున్న లక్ష్యమే మారుతుంది. వడదెబ్బలో లక్ష్యం 37 దగ్గరే ఉంటుంది, కానీ శరీరం దాన్ని అందుకోలేకపోతుంది. నీ ప్రశ్నకు జవాబంతా ఈ తేడాలోనే ఉంది.

మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ఉంది. దాని ముందు భాగమైన ప్రీఆప్టిక్ ప్రాంతంలోని కొన్ని నాడీకణాలు తమను తాకుతూ పారే రక్తపు వేడిని స్వయంగా పసిగడతాయి. చర్మం నుంచి, కడుపు లోపలి అవయవాల నుంచి, వెన్నుపాము నుంచి కూడా వేడి, చలి సమాచారం అక్కడికి చేరుతుంది. ఇవన్నీ కలిపి చూసి, ఉష్ణోగ్రత ఉండవలసిన స్థాయి కంటే పెరిగిందని తేలితే హైపోథాలమస్ చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేయించి, స్వేద గ్రంథులను పనిలోకి దించుతుంది. తగ్గిందని తేలితే ఆ రక్తనాళాలను బిగించి, కండరాలను వణికిస్తుంది. తప్పు జరిగిన దిశకు వ్యతిరేక దిశలో సవరణ చేసే ఈ పద్ధతినే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటాం.

ఇప్పుడు జ్వరం సంగతి చూద్దాం. సూక్ష్మజీవులు ప్రవేశించినప్పుడు తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం తయారై, ప్రీఆప్టిక్ నాడీకణాల మీద పనిచేసి, ఉండవలసిన స్థాయిని 39కో 40కో జరుపుతుంది. అప్పటికి రక్తం ఇంకా 37 దగ్గరే ఉంది కనుక హైపోథాలమస్ లెక్కలో అది చలి. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతున్నా మనిషి వణుకుతూ దుప్పటి కప్పమంటాడు. పారాసిటమాల్ మెదడులో ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. స్థాయి తిరిగి 37కు దిగుతుంది, 40లో ఉన్న రక్తం ఒక్కసారిగా అధిక వేడిగా తోస్తుంది, చెమట పట్టి జ్వరం దిగుతుంది. మలేరియా రోగి ముందు చలితో వణికి, తరువాత చెమటతో తడిసిపోవడానికి కారణం ఇదే.

వడదెబ్బలో ప్రోస్టాగ్లాండిన్ లక్ష్యాన్ని మార్చలేదు. దించడానికి పెరిగిన లక్ష్యమంటూ లేనప్పుడు పారాసిటమాల్‌కు చేయడానికి పనేమీ ఉండదు. పైగా తీవ్రమైన వడదెబ్బలో కాలేయం ముందే దెబ్బతిని ఉంటుంది కనుక ఆ మందు అక్కడ హాని కూడా చేయగలదు. కాబట్టి జ్వరాన్ని సమస్థితి వైఫల్యం అనకూడదు. అది వేరొక స్థాయి దగ్గర నిలుపుకున్న సమస్థితి. వడదెబ్బ మాత్రం నిజమైన వైఫల్యం.

అత్యవసర_నర్సు:
సార్ చెప్పినదానికి వార్డులో కనిపించే ఒక విషయం జోడిస్తాను. వడదెబ్బ అంటే చర్మం పొడిగా ఉండి తీరాలని చాలామంది నమ్మకం. ఎండాకాలంలో కదలకుండా ఇంట్లోనే ఉండిపోయిన వృద్ధులలో చర్మం తరచుగా పొడిగానే ఉంటుంది. కానీ ఎండలో బరువు పనిచేస్తూ పడిపోయిన యువకుడు చెమటతో తడిసి ముద్దయి ఉన్నా అది వడదెబ్బ కావచ్చు. అసలు గుర్తు మెదడులో ఉంటుంది. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడడం, తన వాళ్ళను గుర్తుపట్టలేకపోవడం, ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే వడదెబ్బగానే భావించాలి. చంకలో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని తక్కువ చేసి చూపవచ్చు కనుక ఆ అంకె చూసి ధైర్యపడకూడదు.

108కి ఫోన్ చేసి ఊరికే ఎదురుచూడకూడదు. నీడలోకి మార్చి, బిగుతైన బట్టలు తీసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గట్టిగా గాలి తగిలేలా చేయాలి. పనిలో కూలిపోయిన యువకులకు చల్లని నీళ్ళ తొట్టిలో మెడ వరకు ఉంచడం అన్నిటికంటే వేగంగా వేడిని దించుతుంది. తల నీళ్ళలోకి జారకుండా ఒకరు పట్టుకుని ఉండాలి. ఆసుపత్రికి చేర్చడం ఎంత అవసరమో దారిలో చల్లబరచడం అంతకంటే ముందుగా అవసరం. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పల్నాటి_రైతు:
ఆరోగ్య విషయాలు ఇంత వివరంగా చెబుతున్నందుకు కృతజ్ఞతలు. మా దగ్గర రెంటచింతల ఎండలు ఎలాంటివో అందరికీ తెలుసు. నా సందేహం వేరు. వంగి చాలాసేపు కలుపు తీసి ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఎండలో క్యూలో కదలకుండా నిలబడిన వాళ్ళు కూలబడతారు. ఒళ్ళు పట్టుకుని చూస్తే అంత వేడిగా ఏమీ ఉండదు. ఇది కూడా వడదెబ్బేనా? ఎండాకాలంలోనే ఎందుకు ఎక్కువ?

ఫిజియాలజీ_బోధకుడు:
రైతు గారూ, ఇది వడదెబ్బ కాదు. కానీ వడదెబ్బ ఎలా మొదలవుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు రక్తం భూమ్యాకర్షణ వల్ల కాళ్ళలోకి, కడుపులోని సిరల్లోకి దిగుతుంది. గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గి రక్తపోటు పడిపోబోతుంది. మెడలోని కెరోటిడ్ ధమని చీలే చోటా, బృహద్ధమని వంపులోనూ ఉన్న గ్రాహకాలు ధమని గోడ సాగడం తగ్గిందని వెంటనే గుర్తిస్తాయి. ఆ వార్త తొమ్మిదో, పదో కపాల నాడుల ద్వారా మెదడు కింది కొసన ఉన్న మజ్జాముఖానికి చేరుతుంది. అక్కడి నుంచి, మన ప్రమేయం లేకుండా లోపలి అవయవాలను నడిపే సింపథెటిక్ నాడులకు ఆజ్ఞ వెళ్ళి గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, మెదడుకు రక్తం అందుతుంది. ఇదంతా కొద్ది సెకన్లలో, మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఎండలో ఏమవుతుందంటే, వేడిని బయటికి పంపడానికి చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఉంటాయి. మామూలుగా చర్మానికి నిమిషానికి అర లీటరు లోపే రక్తం వెళుతుంది. తీవ్రమైన వేడిలో అది ఆరు నుంచి ఎనిమిది లీటర్ల వరకు పెరగగలదు. విశ్రాంతిలో గుండె మొత్తం శరీరానికి పంపేదే నిమిషానికి దాదాపు ఐదు లీటర్లని గుర్తుంచుకోండి. ఇంకోవైపు చెమట వల్ల రక్తంలో నీరు తగ్గుతోంది. రక్తపోటును కాపాడే వ్యవస్థ నాళాలను బిగించమంటుంది, ఉష్ణోగ్రతను కాపాడే వ్యవస్థ వాటినే విప్పమంటుంది. ఒకే రక్తం కోసం రెండు సమస్థితులు పోటీపడుతున్నాయి. ఆ పోటీలో మెదడుకు కొన్ని క్షణాలు రక్తం తగ్గితే కళ్ళు తిరిగి మనిషి కూలిపోతాడు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే రక్తం గుండెకు చేరి తేరుకుంటాడు. నడిచేవాడి కంటే కదలకుండా నిలబడినవాడే ముందు పడిపోవడానికి కారణం, పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి నెట్టడం.

వేడి ఇంకా పెరిగితే శరీరం పేగులకూ మూత్రపిండాలకూ వెళ్ళే రక్తాన్ని తగ్గించి చర్మానికి మళ్ళిస్తుంది. రక్తం అందని పేగు గోడ బలహీనపడి, లోపలి బాక్టీరియాల విష పదార్థాలు రక్తంలోకి చేరుతాయి. తీవ్రమైన వడదెబ్బలో ఉష్ణోగ్రత దిగిన తరువాత కూడా కాలేయం, మూత్రపిండాలు వరుసగా దెబ్బతినడంలో దీని పాత్ర ఉంది.

బైపీసీ_విద్యార్థిని:
చాలా స్పష్టంగా ఉంది సార్. శరీరంలో వేడి ఎంత వేగంగా పెరుగుతుందో అంకెల్లో చెప్పగలరా?

ఫిజియాలజీ_బోధకుడు:
తప్పకుండా. ఒక కిలో శరీర బరువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.83 కిలోకేలరీలు కావాలి. అంటే 60 కిలోల మనిషికి ఒక డిగ్రీ పెరగాలంటే దాదాపు 50 కిలోకేలరీలు చాలు. ఊరికే కూర్చున్నా మనం గంటకు 70 నుంచి 80 కిలోకేలరీల వేడిని పుట్టిస్తాం. బయటికి ఏమీ పోకపోతే గంటలో డిగ్రీన్నర పెరుగుతుంది. పొలంలో గంటకు 300 కిలోకేలరీల వేడి పుట్టించే పనిచేస్తే అదే లెక్కన గంటకు ఆరు డిగ్రీలు.

దీన్ని అడ్డుకునేది ప్రధానంగా చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలి చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు, అంటే 35 డిగ్రీలు దాటిన తరువాత, గాలి మనకే వేడినిస్తుంది కనుక ఆవిరి కావడం ఒక్కటే మిగిలిన మార్గం. కారిపోయిన చెమట ఏ చల్లదనాన్నీ ఇవ్వదు. రామగుండంలో పొడి వేడి, విజయవాడలో ఉక్కపోత. థర్మామీటరులో విజయవాడ రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపినా, గాలిలో తేమ వల్ల చెమట ఆరకపోతే శరీరం మీద భారం అక్కడే ఎక్కువ కావచ్చు. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారే. ఈ పాఠాన్ని మన పిల్లలు పరీక్ష కోసం మాత్రమే చదవకూడదని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

డాలస్_పరుగు:
నేను టెక్సాస్‌లో ఉంటూ మారథాన్లకు సాధన చేస్తున్నాను. చెమట పోయినంతా నీటితో నింపాలని లీటర్ల కొద్దీ మంచినీళ్ళే తాగడం సరైనదేనా?

అత్యవసర_నర్సు:
గంటల తరబడి పరుగెత్తేవారికి అది ప్రమాదం కావచ్చునండీ. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. చెమటలో నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. పోయినదాని కంటే ఎక్కువ మంచినీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలుచబడి, నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. మామూలుగా నీరు ఎక్కువైతే పీయూష గ్రంథి నుంచి వచ్చే, నీటిని ఒంట్లో నిలిపి ఉంచే ఏడీహెచ్ హార్మోను తగ్గి మూత్రం పలుచగా ఎక్కువగా పోతుంది. కానీ దీర్ఘమైన శ్రమ, వికారం, నొప్పి వంటివి ఆ హార్మోనును తగ్గనివ్వవు, నీరు లోపలే ఉండిపోతుంది. వాంతులు, తలనొప్పి, తికమక కనిపిస్తాయి కనుక వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. పరుగుకు ముందు కంటే తరువాత బరువు పెరిగి ఉంటే అతిగా తాగినట్లే. దాహాన్ని బట్టి తాగడం ఆరోగ్యంగా ఉన్న యువకులకు మంచి నియమం. వృద్ధులకు మాత్రం ఆ నియమం చెప్పకండి. వారిలో దాహం తెలియడమే తగ్గుతుంది, అడగకపోయినా ఇవ్వాలి.

ఓఆర్ఎస్ ఎందుకు మేలో కూడా చెబుతాను. చిన్నపేగు గోడలోని ఒక ప్రోటీను సోడియాన్నీ గ్లూకోజునూ జతగానే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన సూత్రంలో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం, 75 మిల్లీమోల్స్ గ్లూకోజు ఉంటాయి. ప్యాకెట్టు మీద లీటరు నీళ్ళని రాసి ఉంటే లీటరులోనే కలపాలి. పిల్లవాడికి రుచిగా ఉండాలని అర లీటరులో కలిపిన తల్లులను చూశాను. అలా చేస్తే ఉప్పు రెట్టింపై విరేచనాలు పెరగవచ్చు.

పల్నాటి_రైతు:
ఇంకొక సందేహం. తైవాన్ పంపు వీపున తగిలించుకుని పత్తికి మందు కొట్టే కూలీ విపరీతంగా చెమటలు పోసి పడిపోతే, అది ఎండ వల్లనా మందు వల్లనా ఎలా తెలుస్తుంది?

ఫిజియాలజీ_బోధకుడు:
దీనికి జవాబు స్వేద గ్రంథి దగ్గర ఆగే నాడి కొసలో ఉంది. సింపథెటిక్ నాడులు చాలా అవయవాల దగ్గర నారెపినెఫ్రిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. చెమట పట్టించే నాడులు మాత్రం అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనాన్ని వదులుతాయి. నాడి నుంచి అవయవానికి వార్త రసాయనం ద్వారా చేరుతుందని 1921లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో చూపించారు. ఒక గుండెకు వెళ్ళే వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందిస్తే, ఏ నాడినీ తాకకుండానే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలోని పదార్థం అసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

పని పూర్తికాగానే అసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైము క్షణాల్లో ముక్కలు చేస్తుంది. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఆ ఎంజైమును పట్టి ఆపేస్తాయి. అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి చెమట, లాలాజలం, కన్నీరు, ఊపిరితిత్తుల్లో ద్రవం ఆగకుండా ఊరుతాయి. కంటిపాపలు సూదిమొనంత చిన్నవవుతాయి, గుండె నెమ్మదించవచ్చు, కండరాలు అదురుతాయి. ఎండ దెబ్బకు పడినవాడిలో నోరు ఎండి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. సన్నని కంటిపాపలూ, నోటి వెంట నురగా కనిపిస్తే మందే కారణమని అనుమానించి, బట్టలన్నీ తీసి సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడుగుతూ ఆసుపత్రికి తరలించండి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. వేడికి చర్మానికి రక్తప్రసరణ పెరిగి, ఒళ్ళు చెమటతో తడిసి ఉన్నప్పుడు మందు చర్మం గుండా ఎక్కువగా లోపలికి దిగుతుంది, కాబట్టి మిట్టమధ్యాహ్నం పిచికారీ రెండు విధాలా ప్రమాదం.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ అసిటైల్‌కోలిన్ పనిచేసే గ్రాహకాలలో ఒక రకాన్ని మూసివేస్తుంది. అదే అట్రోపిన్ ఉమ్మెత్త మొక్కలోనూ ఉంటుంది. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లల్లో దీనికి తలకిందులుగా చెమట ఆగిపోయి, ఒళ్ళు పొడిబారి కాలిపోతూ, కంటిపాపలు విప్పారి కనిపిస్తాయి.

బైపీసీ_విద్యార్థిని:
సార్, మరొక చిక్కు. నాడీ ప్రచోదనంలో, అంటే నాడి వెంట సంకేతం పోయేటప్పుడు, సోడియం కణం లోపలికి వచ్చేకొద్దీ ఇంకా ఎక్కువ సోడియం ద్వారాలు తెరుచుకుంటాయని చదివాను. అది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ కదా? సమస్థితిని కాపాడే నాడీ వ్యవస్థే తన లోపల దానికి విరుద్ధమైన పద్ధతిని ఎందుకు వాడుతుంది?

ఫిజియాలజీ_బోధకుడు:
ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషంగా ఉందమ్మా. విశ్రాంతిలో నాడీకణం లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుంది. మూడు సోడియం అయాన్లను బయటికి పంపి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే పంపు ఆ స్థితికి ఆధారమైన అయాన్ల తేడాను నిలబెడుతుంది. ఉద్దీపన ఒక హద్దు దాటగానే నువ్వు చెప్పిన పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ మొదలై లోపలి వైపు ధనాత్మకమవుతుంది. కానీ అది తనంతట తానే ఆగుతుంది. సోడియం ద్వారాలు మిల్లీసెకను వ్యవధిలో మూసుకుపోతాయి, పొటాషియం బయటికి పోయి పాత స్థితి తిరిగి వస్తుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ అనే సముద్ర జీవి లావుపాటి నాడీతంతువు మీద చేసిన ప్రయోగాలతో ఈ క్రమాన్ని లెక్కలతో సహా వివరించారు.

ఈ పేలుడు స్వభావం లేకపోతే వార్త దూరం పోయేకొద్దీ నీరసించేది. ప్రతి చోటా కొత్తగా పుట్టడం వల్లనే బొటనవేలి నుంచి బయలుదేరిన సంకేతం వెన్నుపాము చేరేవరకు అదే బలంతో ఉంటుంది. మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న లావు తంతువుల్లో సెకనుకు 120 మీటర్ల వరకు, తొడుగు లేని సన్నని తంతువుల్లో రెండు మీటర్ల లోపు వేగంతో పోతుంది. ఒక్క కణంలో, ఒక్క మిల్లీసెకనులో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్, ఆ సంకేతాలతో నడిచే పెద్ద వలయంలో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. మొదటిది రెండోదానికి పనిముట్టు. కాన్పులో నొప్పులను పెంచే ఆక్సిటోసిన్ హార్మోను, గాయం దగ్గర రక్తం గడ్డకట్టడం కూడా ఇలా ముగింపు ఉన్న పాజిటివ్ ఫీడ్‌బ్యాక్‌లే.

సమస్థితి అంటే కదలని స్థితి కాదని హోమియోస్టాసిస్ అనే మాటను సృష్టించిన వాల్టర్ కానన్ 1920లలోనే స్పష్టంగా రాశారు. లోపలి ద్రవాల నిలకడ వల్లనే జీవి బయటి మార్పుల నుంచి స్వేచ్ఛ పొందుతుందని అంతకుముందే క్లాడ్ బెర్నార్డ్ ఫ్రాన్సులో చెప్పారు. పరీక్షలో ఉష్ణోగ్రత స్థిరమని రాసినా ఫరవాలేదు. అది తెల్లవారుజామున తగ్గి సాయంత్రం అర డిగ్రీ పైగా పెరుగుతుందని మాత్రం తెలుసుకో.

అన్నకు_తోడు:
ఈ చర్చ చదువుతుంటే మా అన్నయ్య విషయం అడగాలనిపించింది. రెండంతస్తుల మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది, చేతులు కొంతవరకే కదులుతాయి, కాళ్ళు కదలవు. ఎండాకాలం రాగానే ఆయనకు తరచుగా 38.5 డిగ్రీలు ఉంటోంది. ప్రతిసారీ జ్వరం బిళ్ళ వేస్తున్నాము, తగ్గడం లేదు. ముఖానికి తప్ప మరెక్కడా చెమట పట్టదు. కారణం ఏమై ఉంటుంది?

పునరావాస_ఫిజియో:
అండీ, ఇటువంటి రోగులతో రోజూ పనిచేస్తాను కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను. హైపోథాలమస్ నుంచి చెమట పట్టించమన్న ఆజ్ఞ వెన్నుపాము గుండానే దిగాలి. సింపథెటిక్ నాడులు ఛాతీ భాగం మొదటి ఖండం నుంచి నడుము భాగం రెండో ఖండం వరకే వెన్నుపాము నుంచి బయటికి వస్తాయి. మెడ దగ్గర దారి తెగితే మెదడుకు వేడి తెలిసినా, ఆ ఆజ్ఞ గాయం కింది భాగానికి పూర్తిగా అందదు. చెమట పట్టదు, చర్మపు రక్తనాళాలు సరిగా స్పందించవు, చలిలో కాళ్ళ కండరాలు వణకవు. అందువల్ల శరీర ఉష్ణోగ్రత చాలావరకు గది ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. పైన సార్ చెప్పినట్లు లక్ష్యం మారలేదు కనుకనే బిళ్ళ పనిచేయడం లేదు.

పోయిన స్వేద గ్రంథుల పనిని మీరు బయటి నుంచి చేయాలి. స్ప్రే సీసాతో చేతులు, ఛాతీ, తొడల మీద సన్నగా నీళ్ళు చల్లి ఫ్యాను గాలి తగలనివ్వండి. ఆరగానే మళ్ళీ చల్లండి. వీపు కింద ప్లాస్టిక్ షీటు ఉంటే తీసి నూలు దుప్పటి వేయండి. ఐసు ముక్కలు నేరుగా చర్మం మీద పెట్టవద్దు, స్పర్శ లేనిచోట చర్మం దెబ్బతిన్నా ఆయనకు తెలియదు.

ఇంకా ముఖ్యమైనది, ఉష్ణోగ్రత పెరిగిన ప్రతిసారీ గది వేడే కారణమని అనుకోకండి. చల్లబరిచిన గంటకు మళ్ళీ చూడండి. దిగితే గది వేడి. దిగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, పడకపుండు, ఊపిరితిత్తుల్లో కఫం, కాలి సిరలో గడ్డ వంటివాటి కోసం అదే రోజు డాక్టరు గారికి చూపించండి. ఈలోగా ఆయనకు అకస్మాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి, రక్తపోటు బాగా పెరిగితే వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడండి. ఛాతీ ఆరో ఖండానికి పైన దెబ్బతిన్నవారిలో నిండిన మూత్రాశయం కింది భాగపు సింపథెటిక్ నాడులను అదుపు లేకుండా ఉద్రేకపరుస్తుంది. గొట్టం సరిచేసినా కొద్ది నిమిషాల్లో రక్తపోటు దిగకపోతే ఆసుపత్రికి బయలుదేరండి.